కలెక్టరేట్‌లో కొత్తగా చేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

గుంటూరు కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా నీకు ఉత్తర్వులు అందాయని మీ నాన్న చెప్పగా చాలా సంతోషించాను. ఆఫీసులో ఎలా మసలుకోవాలో రాయమన్నావు. అధికారి వస్తే లేచి నిలబడటం, అనుమతి అడిగి గదిలోకి వెళ్లడం వంటివి నీకు ఒకరు చెప్పనక్కరలేదు. నీ సీటుతో పని పడినవారు, బయటివారైనా తోటి ఉద్యోగులైనా, సంగతేమిటో తెలియక పడిగాపులు పడకుండా చూడటమే ఆఫీసు మర్యాదలో ముఖ్యమైనదని నా అభిప్రాయం.

సోమవారం అర్జీలు ఇవ్వడానికి తాడికొండ నుంచో దుగ్గిరాల నుంచో ఆ రోజు కూలి మానుకుని బస్సెక్కి వచ్చేవారుంటారు. వారిని ముందు కూర్చోమను. కాగితం పూర్తిగా చదివిన తరువాతే ప్రశ్నలు అడుగు. కట్టుకున్న బట్టను చూసి ‘నువ్వు’ అనడం మన ఆఫీసుల్లో పాతుకుపోయిన జాడ్యం, దానిని అంటించుకోకు. ‘రేపు రండి’ అని పంపేయకుండా, ఫైలు ఎవరి దగ్గర ఉన్నదో, మళ్లీ ఎప్పుడు విచారించాలో చెప్పి, అర్జీ నంబరు, తేదీ ఉన్న రసీదు చేతికివ్వు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిపోయినా, వినుకొండ, రేపల్లె వైపు పెద్దవారు కొందరు పాత అలవాటుకొద్దీ గుంటూరే వస్తారు. అటువంటివారికి నరసరావుపేట వెళ్లాలో, బాపట్ల వెళ్లాలో, అక్కడ ఏ సెక్షన్‌లో అడగాలో చీటీ మీద రాసివ్వడానికి రెండు నిమిషాలు చాలు.

పని అయ్యాక కృతజ్ఞతతో ఎండుమిర్చి సంచి తెచ్చేవారు కూడా ఉంటారు, ఇది గుంటూరు కదా! ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదని నవ్వుతూ చెప్పి, వారిని చిన్నబుచ్చకుండా సంచితో సహా సాగనంపు.

సెలవు పెట్టేముందు పెండింగ్ ఫైళ్ల సంగతి పక్క సీటువారికి చెప్పి, బీరువా తాళం అప్పగించి వెళ్లు. సూపరింటెండెంట్ గారి అభిప్రాయంతో ఏకీభవించకపోతే నలుగురిలో వాదించకుండా, ఆయన గదిలో చెప్పి, అవసరమైతే నోట్ ఫైలులో మర్యాదగా రాయి. అటెండరును పేరు చివర ‘గారు’ చేర్చి పిలువు, సొంత పనులకు పంపకు.

మర్యాద పేరుతో అసభ్యమైన మాటను, ప్రవర్తనను భరించవలసిన అవసరం నీకు లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇటువంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి, దానిని నియమించిన ఉత్తర్వు అందరికీ కనిపించేచోట పెట్టాలి. అటువంటిది జరిగితే మూడు నెలల లోపు ఫిర్యాదును రాతపూర్వకంగా ఇవ్వాలి. చేరిన వారంలోనే ఆ సభ్యుల పేర్లు చూసి రాసిపెట్టుకో.

ఇట్లు,
మీ పెదనాన్న