ఆఖెన్ వెళ్తున్న మేనల్లుడికి అత్త ఉత్తరం

చిన్నా,

నీకు జర్మనీ వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెబుతుంటే నాకు 2009 అక్టోబరు గుర్తొచ్చింది. నేనూ ఆ ఊళ్లోనే దిగాను, అదీ వానలో. ఆవకాయ ఎంత పెట్టాలో, కుక్కర్ ఏ సైజుదో మీ అమ్మ చూసుకుంటుంది. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అక్కడ చలికన్నా, భాషకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నా మొహమాటమే.

వెళ్లిన మూడో వారం క్లాసులో ఒకమ్మాయి రాత్రి భోజనానికి పిలిచింది. టేబుల్ మీద రొట్టె, చీజ్, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు, పెద్ద గాజు గిన్నెలో బంగాళాదుంప సలాడ్. ఒక్క గరిటె వేసుకున్నాను. "ఇంకొంచెం పెట్టనా?" అంది. ఎలాగూ మళ్లీ అడుగుతుంది కదా అని "వద్దు, చాలు" అన్నాను. ఆ అమ్మాయి సరేనని గిన్నెకి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆకలితోనే రూముకి వచ్చాను. నేను వెళ్లడం ఇష్టం లేదేమో అని రాత్రంతా బాధపడ్డాను. ఆమె నా మాటను గౌరవించిందని తెలియడానికి చాలా నెలలు పట్టింది. వద్దంటే వద్దనే వాళ్లకి అర్థం. బతిమాలి వడ్డిస్తే ఎదుటివాళ్లని ఇరుకున పెట్టినట్టు అనుకుంటారు. అడగందే అమ్మైనా పెట్టదని మనం సామెతగా అంటాం, అక్కడ రోజూ జరిగేది అదే. ఆకలేస్తే ఇంకా కావాలని చెప్పు, సంతోషిస్తారు.

తల అటూ ఇటూ ఊపడం కూడా మానుకో. అది అవునో కాదో వాళ్లకి తెలియదు. "యా" అనో "నైన్" అనో నోటితో చెప్పాలి. మనం "చూద్దాంలే, వస్తాను" అని మర్యాదకి అంటాం కదా, అక్కడ ఆ మాట నమ్మి నీకు కుర్చీ వేసి ఎదురు చూస్తారు. వెళ్లలేకపోతే ముందే చెప్పెయ్.

మొదటి చలికాలంలో ఒకసారి రాత్రి పదిన్నరకి పల్లీ చట్నీకి మిక్సీ వేశాను. ఐదు నిమిషాల్లో కింది వాటా పెద్దావిడ తలుపు కొట్టింది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారం రోజంతా చేయకూడదు అని చెప్పి దిగి వెళ్లిపోయింది. నవ్వలేదు, అరవలేదు. నేను వారం రోజులు ఆవిడ కంటపడకుండా మెట్లు దిగాను. ఎదురుపడిన రోజు ఆవిడ మామూలుగా "గూటెన్ మోర్గెన్" అంది. క్రిస్మస్‌కి ఒక డబ్బా ప్రింటెన్ ఇచ్చింది, మసాలా దినుసులు వేసి చేసే ఆ ఊరి గట్టి బిస్కెట్లు అవి. మన దగ్గర ముఖం మీద అన్నారంటే చాలా రోజులుగా మనసులో పెట్టుకున్నారని లెక్క. అక్కడ అనేశాక ఇక ఆ విషయం అయిపోయినట్టే. నిన్ను ఎవరైనా అలా అంటే రంగు చూసి అన్నారేమో అని వెంటనే మనసు పాడుచేసుకోకు. అలాంటివాళ్లు లేరని చెప్పను, కానీ నాకు ఎదురైన మందలింపుల్లో ఎక్కువ భాగం మిక్సీ, చెత్త డబ్బా, ఎర్రలైటు గురించే.

ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు. శనివారమే పాలు, కూరగాయలు తెచ్చుకో. మరీ అవసరమైతే బస్సెక్కి వాల్స్ వెళ్లు. అది నెదర్లాండ్స్‌లో ఉన్నా ఊరిని ఆనుకునే ఉంటుంది, అక్కడ ఆదివారం కూడా సరుకులు దొరుకుతాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ నెలల్లో ఆదివారాలు బరువుగా ఉంటాయి నాన్నా. దిగులుగా ఉంటే దాచుకోకు. విద్యార్థులకి యూనివర్సిటీలో ఉచితంగా కౌన్సెలింగ్ ఉంటుంది, నేనూ వెళ్లాను. అప్పట్లో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను.

చదువు సంగతి. టైంటేబుల్లో 10 పక్కన సి.టి. అని ఉంటే క్లాసు 10:15కి, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా 10కి. క్లాసు అయ్యాక అందరూ పిడికిళ్లతో బల్ల మీద కొడతారు, మనం చప్పట్లు కొట్టినట్టు. మార్కుల్లో 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. ఇది తాతయ్యకి ఇప్పుడే చెప్పి ఉంచు, లేకపోతే 1 వచ్చిందంటే కంగారుపడతారు. ఫలితాలు వచ్చాక దిద్దిన పేపరు చూసుకోవడానికి ఒక రోజు ఇస్తారు. మొదటిసారి "సార్‌తో ఏం వాదిస్తాంలే" అని నేను వెళ్లలేదు. రెండోసారి వెళ్లాను. ఒక లెక్క నేను వేరే దారిలో చేశానని చూపిస్తే ప్రొఫెసర్ శ్రద్ధగా విని మూడు పాయింట్లు కలిపారు. నువ్వు ప్రతిసారీ వెళ్లాలి. "జీ", "డూ" తేడా మన మీరు, నువ్వు లాంటిదే కాబట్టి నీకు తేలిగ్గా పట్టుబడుతుంది. వాళ్లుగా "డూ" అనమనే దాకా "జీ" అనే అను.

ఇల్లు మారిన రెండు వారాల్లోపు మునిసిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించాలి, ఇంటి ఓనరు ఇచ్చే కాగితం కావాలి. పోస్టు డబ్బా మీద నీ పేరు అంటించుకో, పేరు లేకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. జర్మన్‌లో వచ్చిన ఏ కాగితాన్నీ అర్థం కాలేదని పక్కన పడేయకు, ఎవరితోనైనా చదివించుకో. పుట్టినరోజుకి కేకు నువ్వే తీసుకెళ్లాలి, చిన్నప్పుడు స్కూల్లో చాక్లెట్లు పంచినట్టు. ఎవరికీ ఒకరోజు ముందుగా శుభాకాంక్షలు చెప్పకు, అశుభం అనుకుంటారు.

మొదటి ఆదివారం రూములో కూర్చోకుండా ఊరి మధ్యలో ఉన్న ఎలీజెన్‌బ్రున్నెన్ మంటపం దాకా నడిచి వెళ్లు. అక్కడి కుళాయిలో వేడినీళ్లు వస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తాయి. గంధకం ఉన్న ఊటనీళ్లు అవి. చెయ్యి పెట్టి చూడు కానీ తాగకు. అక్కడి నుంచే నాకు ఫోన్ చెయ్యి. తిన్నావా అని అడుగుతాను, తినకపోతే తినలేదనే చెప్పు.

అత్త