ట్యూన్ బాగుంది, మాటలు చదివాక నిద్ర పట్టలేదు

ప్రశ్న: మేడమ్, మేము బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా పాపకి ఎనిమిదేళ్లు. వినాయక చవితికి క్లబ్‌హౌస్‌లో పిల్లల ప్రోగ్రామ్ ఉంది. డాన్స్ నేర్పే అమ్మాయి ఒక ఇంగ్లిష్ పాప్ పాట పెట్టింది. ట్యూన్ నాకూ నచ్చింది. మొన్న రాత్రి పదకొండుకి ఊరికే మాటలు వెతికి చదివితే మందు, పార్టీ, ఈ ఒక్క రాత్రికి నీతో వచ్చేస్తాననడం... ఇక నిద్ర పట్టలేదు. అప్పుడే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 16 మంది చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు. ఒకావిడ మాత్రం నవ్వే బొమ్మ పెట్టింది. మా ఆయనేమో ‘చిన్నప్పుడు మనం ఐటమ్ సాంగ్స్‌కి ఎగరలేదా, ఏమైపోయాం’ అంటారు. కదిరి నుంచి వచ్చిన మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు, కానీ పాప ప్రాక్టీస్ చూసి ‘ఇదేం డాన్సే తల్లీ’ అన్నారు. మానేయమంటే పాప ఏడుస్తోంది. ఇంకా పది రోజులే ఉంది. నాదే ఛాదస్తమా? అసలు ఒక పాట పిల్లలకి తగునో తగదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఛాదస్తం కాదమ్మా. ఎనిమిదేళ్ల పిల్ల రోజూ పాడే పాటలో ఏముందో చదవడం తల్లి చేయాల్సిన పనే, మీ కాంప్లెక్స్‌లో ఆ పని చేసింది మీరొక్కరే అయినట్టుంది. కాకపోతే చదివిన రాత్రే గ్రూపులో పెట్టేశారు చూడండి, అక్కడ తొందరపడ్డారు. గ్రూపులో పెడితే అది ప్రశ్నలా వినపడదు, ‘మీ పిల్లల్ని మీరెవరూ పట్టించుకోవట్లేదు’ అని 16 మందికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుంది. అందుకే ఎవరూ నోరు మెదపలేదు. ఆ నవ్వు బొమ్మ పెట్టినావిడ కూడా ఫోన్ పక్కన పెట్టి, తర్వాత చాటుగా ఆ మాటలు వెతుక్కునే ఉంటుంది, నాకు తెలుసు ఇలాంటివి.

ఆ పాటే ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించండి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇది ప్రతి పండక్కీ జరిగే తంతే. తెలుగు పాట పెడితే తమిళం వాళ్లు మా పాటేదీ అంటారు, హిందీ పెడితే కన్నడ పాట ఎందుకు పెట్టలేదని ఇంకో నలుగురు అడుగుతారు, ఆ అడగడంలో న్యాయమూ ఉంది. ఇదంతా ఎందుకొచ్చిన గొడవని డాన్స్ నేర్పే అమ్మాయి ఇంగ్లిష్ పాట తీసుకుంటుంది. ఎవరి భాషా కాదు కాబట్టి గొడవ లేదు, ఎవరి భాషా కాదు కాబట్టే అర్థం కూడా ఎవరూ వినరు. ఆ అమ్మాయి బీటు చూసుకుంది, అంతే. ఆమెకి దురుద్దేశం ఏదో ఉందని మనసులో పెట్టుకుని మాట్లాడటానికి వెళ్లకండి.

ఇప్పుడు పాప సంగతి. పాటలో ఏముందో మీరు చదివారు, పాప ఏం వింటోందో ఇంకా అడగలేదు. రెండూ వేరు.

రెండేళ్ల కిందట ఒక ఏడేళ్ల బాబుని నా దగ్గరికి తీసుకొచ్చారు. స్కూల్ వ్యాన్‌లో ఏదో మందు పాట పాడుతున్నాడని ఆయా ఫిర్యాదు చేసింది, వాళ్లమ్మ సిగ్గుతో చచ్చిపోతోంది. నేను వాడిని ‘ఆ పాటలో ఏం జరుగుతుంది నాన్నా, నాకు చెప్పవా’ అని అడిగాను. వాడు బ్యాగులోంచి స్టీలు వాటర్ బాటిల్ తీసి, మూతలో కాసిని నీళ్లు పోసి నా చేతికిచ్చి, ‘చీర్స్ అంటారు, తర్వాత అందరూ డాన్స్ చేస్తారు, బర్త్‌డే కదా’ అన్నాడు. ఎవరి బర్త్‌డే అంటే ‘పాడే అంకుల్‌ది’ అన్నాడు. వాడి మటుకు అది పుట్టినరోజు పాట! వాళ్లమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. కానీ పాడి వినిపించమంటే ఒక లైను దగ్గర గొంతు తగ్గించి నా మొహం వంక చూశాడు. ఆ లైనుకి వ్యాన్‌లో పెద్ద క్లాసుల పిల్లలు పగలబడి నవ్వుతారట. ఎందుకు నవ్వుతారో వాడికి తెలియదు. నవ్వుతారని మాత్రం తెలుసు, అందుకే ఆ లైను మళ్లీ మళ్లీ పాడేవాడు.

నేను ఇన్నేళ్లుగా చూస్తున్నది ఇదే. ఆ వయసులో ద్వంద్వార్థం ఎక్కదు, విన్నమాటని విన్నట్టే తీసుకుంటారు. ఏ మాటకి పెద్దవాళ్లు నవ్వారు, ఏ స్టెప్పుకి ఈల పడింది అన్నది మాత్రం ఇట్టే పట్టేస్తారు. కాబట్టి పాట మంచిదా చెడ్డదా అని కొలిచే ముందు, ఆ పాటతో మా పిల్ల చేత ఏం చేయిస్తున్నారు, దేనికి చప్పట్లు కొట్టబోతున్నారు అని చూడండి. కారులో వెళ్తూ వెనక సీట్లో వినడం వేరు. దాన్ని పాడుకుంటూ తిరగడం ఇంకొంచెం వేరు. స్టేజీ మీద మొహానికి రంగేసుకుని, 200 మంది ఫోన్లు పట్టుకుని చూస్తుండగా ఆ పాటలో పిలుస్తున్న అమ్మాయిగా తను నిలబడటం పూర్తిగా వేరు.

ఈ తేడా మన వాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. సంగీతం క్లాసులో పిల్లలు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, ఇలా ఎక్కుతారు. క్షేత్రయ్య పదాలు, జావళీలు ఎంతో తర్వాత వస్తాయి. భరతనాట్యంలోనూ అంతే, అలరింపుతో మొదలుపెట్టిన పిల్లకి శృంగార పదానికి అభినయం పట్టించడానికి ఏ మంచి గురువైనా ఏళ్ల తరబడి ఆగుతారు. క్షేత్రయ్య పదాల్లో ఉన్న శృంగారం ముందు మీ పాప్ పాట ఏ మూలకి? అయినా వాటినెవరూ చెడ్డ పాటలనలేదు, వయసు రావాలి అన్నారు. మీ ఆయనతో మాట్లాడేటప్పుడు ‘అసభ్యం’ అనే మాట వదిలేసి, ఇప్పుడే వద్దు అనే మాట వాడి చూడండి, సగం వేడి తగ్గుతుంది.

మరి యాప్‌లో గుర్తులు ఉంటాయి కదా అని అడుగుతారేమో. స్పాటిఫై లాంటి వాటిలో పాట పేరు పక్కన ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం ఉంటే ఎక్స్‌ప్లిసిట్, అంటే బూతుమాటలో పెద్దలకే తగిన సంగతులో ఉన్నాయని అర్థం, సెట్టింగ్స్‌లో అలాంటి పాటలు రాకుండా ఆపేసుకోవచ్చు కూడా. ఆపండి, మంచిదే. ఆ గుర్తుకి పెద్ద కథ ఉంది. అమెరికాలో టిప్పర్ గోర్ అనే ఆవిడ, తర్వాత ఉపాధ్యక్షుడైన అల్ గోర్ అప్పటి భార్య, కూతురి కోసం కొన్న ప్రిన్స్ ఆల్బమ్‌లో ఒక పాట విని, అచ్చం మీలాగే కంగారుపడిపోయింది. మీరు వాట్సాప్ గ్రూపులో పెడితే ఆవిడ స్నేహితురాళ్లతో కలిసి సంఘమే పెట్టింది, 1985లో అక్కడి సెనేట్‌లో విచారణ దాకా వెళ్లింది, చివరికి 1990లో క్యాసెట్ల మీద ‘పేరెంటల్ అడ్వైజరీ’ (తల్లిదండ్రులకి హెచ్చరిక) అనే నలుపు తెలుపు ముద్ర ఒక పద్ధతిగా వచ్చింది. ఆ విచారణలోనే జాన్ డెన్వర్ అనే గాయకుడు, తను కొండల అందం మీద రాసుకున్న పాటని మత్తుమందుల పాట అనుకుని కొన్ని రేడియో స్టేషన్లు వేయడం మానేశాయని చెప్పుకున్నాడు. అంటే పెద్దవాళ్లం లేనిది కూడా వింటాం, అదొకటి గుర్తుంచుకోవాలి.

ఆ ‘ఈ’ గుర్తుతో చిక్కేమిటంటే, అది ఎక్కువగా బూతుమాటల్ని పట్టుకుంటుంది, మెత్తని మాటల్లో చెప్పిన కథని పట్టుకోదు. పైగా ఆ గుర్తు పెట్టేది పాట విడుదల చేసేవాళ్లే. మన తెలుగు పాటల పక్కన అది కనిపించడమే అరుదు. క్లీన్ వెర్షన్ అని దొరికేదాంట్లో కూడా చెడ్డమాట దగ్గర శబ్దం ఆపుతారు, లేదంటే మాట మారుస్తారు, కథ ఆ కథే. సినిమా సర్టిఫికెట్‌ని నమ్ముకుందామా అంటే అదీ కుదరదు. 2024 నిబంధనలతో, పెద్దవాళ్ల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ని 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడదీశారు, బాగానే ఉంది, కానీ సినిమాకి 16 ప్లస్ వచ్చినా దాని లిరికల్ వీడియో అంతకు చాలా ముందే మీ పాప చేతిలోని ఫోన్‌కి వచ్చేసి ఉంటుంది. టీవీలో వేసే పాటకైతే అందరూ చూడదగినదన్న సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది, ఫోన్‌లో చూసే పాటకి ముందుగా ఎవరూ ఏ సర్టిఫికెట్టూ అడగరు. కాబట్టి మీరు చదవాల్సిందే, వేరే దారి లేదు.

చదివేటప్పుడు ఒక్కో మాటా పట్టుకుని వెతక్కండి. ఎవరు పాడుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, అవతలి మనిషి ఒప్పుకుంటోందా లేక వద్దంటున్నా వెంటపడుతున్నారా, ఇవి చూడండి. నన్నడిగితే ఒక బూతుమాట ఉన్న సరదా పాట కంటే, ఒక్క బూతూ లేకుండా వద్దన్న అమ్మాయి వెంట పల్లవి నుంచి చివరిదాకా పడే పాట పిల్లలకి ఎక్కువ చెరుపు. ఇలాంటివి తెలుగులో మనకి కొదవ లేదు. కోపం తెచ్చుకోకుండా ఒకసారి గుర్తు చేసుకోండి, ఇంట్లో టీవీలోనో కారులోనో మీరు పెట్టుకునే పాటల్లో ఇలాంటివి ఎన్ని? ఇంగ్లిష్ పాట కాబట్టి మాటలు వెతికి చదివారు, తెలుగు పాటలు అలవాటైపోయి చెవికి తగలవు. పాప మాత్రం రెండూ వింటోంది.

మీ ఆయన మాటకి వస్తాను. ‘ఏమైపోయాం’ అన్నదాంట్లో కొంత నిజముంది, పాట విన్నంత మాత్రాన పిల్లలు పాడైపోరు. కానీ ఆ రోజుల్లో శుక్రవారం దూరదర్శన్ చిత్రలహరిలో ఆ పాట వస్తే వచ్చినట్టు, లేకపోతే వచ్చే వారం దాకా ఆగాలి. ఇప్పుడు ప్రాక్టీస్ పేరుతో అదే పాట రోజుకి ముప్పైసార్లు, దానికి తోడు ప్రతి తండ్రి చేతిలో కెమెరా, సాయంత్రానికల్లా రీల్. అప్పట్లో మీ ఆయన పెళ్లి ఊరేగింపులో ఎగిరిన డాన్స్‌ని ఈరోజు మనం ఫోన్‌లో చూడగలమా? పాప డాన్స్ మాత్రం పదేళ్ల తర్వాత దాని క్లాస్‌మేట్స్ చూడగలరు. దీని మీద ఆయనకి అభ్యంతరం ఉండదనే నా అంచనా. ఇంకో మాట, ‘మీ అమ్మగారు కూడా అన్నారు’ అని ఆవిడని మధ్యలోకి లాగకండి. ఆవిడ చూసింది సరిగ్గానే చూశారు, మాటలు తెలియకపోయినా నడుము తిప్పడం కనిపించింది. కానీ మీ ఇద్దరి వాదనలో ఆవిడ సాక్ష్యం చెప్పాల్సి వస్తే పండగ మూడు రోజులూ ఇంట్లో అన్నం సహించదు ఎవరికీ.

ఈ పది రోజుల్లో ఏం చేయాలంటే, డాన్స్ నేర్పే అమ్మాయికి మెసేజ్ పెట్టకుండా నేరుగా వెళ్లి కలవండి. ప్రాక్టీస్ అయ్యాక, పిల్లలు నీళ్లకి పరిగెత్తినప్పుడు రెండు నిమిషాలు చాలు. ‘నీ కొరియోగ్రఫీ బాగుంది, ఈ నాలుగు లైన్ల అర్థం ఇది, వినాయకుడి ముందు పిల్లలతో బాగుండదు కదా’ అని చూపించండి. పాట మార్చడానికి టైమ్ లేదంటే అదే ట్యూన్ మాటల్లేకుండా దొరుకుతుందేమో మీరే వెతికి ఇవ్వండి. స్టెప్పుల్లో ఏవి ఈలల కోసం పెట్టారో చూస్తే తెలిసిపోతుంది, మామూలుగా రెండో మూడో ఉంటాయి, వాటిని మార్చమనండి. మాటలకంటే నాకు అవే ముఖ్యం. వీడియోలు బయట పెట్టొద్దని నిర్వాహకులతో చెప్పించండి.

ఆ అమ్మాయి దేనికీ ఒప్పుకోకపోతే? చాలామంది నాతో ఒప్పుకోరు, అయినా చెబుతున్నాను, స్టెప్పులు మరీ మితిమీరితే తప్ప పాపని ఇప్పుడు ఆపేయకండి. ఇన్నాళ్లుగా స్నేహితులతో కలిసి నేర్చుకుంది. పండక్కి ముందు తనొక్కదాన్నీ లాగేస్తే, తనేదో సిగ్గుపడాల్సిన పని చేసిందని దాని మనసులో పడుతుంది, పాట కంటే ఆ మచ్చ ఎక్కువ కాలం ఉంటుంది. వచ్చే ఏడాది పాట ఎంచే కమిటీలో మీరు పేరిచ్చి కూర్చోండి.

పాపకి ఎంత చెప్పాలి అంటే, అడిగినంత. రాత్రి జడ వేస్తూనో అన్నం పెడుతూనో ‘ఈ పాటలో కథేంటి చెప్పు’ అనండి. తను చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో నవ్వొద్దు, మొహం చిట్లించొద్దు, అదే అన్నిటికంటే కష్టం. ఆ తర్వాత ‘ఇది పెద్దవాళ్లు పార్టీలో పాడుకునే పాటే, కొన్ని మాటలు నీకు పెద్దయ్యాక అర్థమవుతాయి, ట్యూన్ మాత్రం నాకూ ఇష్టం’ అంటే చాలు. ఫలానా మాటకి అర్థమేంటని నిలదీస్తే అబద్ధం చెప్పకుండా, ‘మందు తాగి తూలడం గురించి’ అని దాని వయసుకి సరిపడా ఒక ముక్కలో చెప్పేసి ఊరుకోండి. ఇంకో ప్రశ్న అడగకుండా చపాతీ మీద పడిపోతుంది, చూడండి.