ఎనిమిది మంది వెళ్ళారు, వ్యాసంలో ఒక్కరే ఉన్నారు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ యాత్రా వ్యాసం అందింది. ఒకసారి మామూలుగా చదివాను, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. భాష బాగుంది, వాక్యం ఎక్కడా కుంటుపడలేదు. అయినా ఇప్పుడున్నట్టుగా ఏ పత్రికకూ పంపొద్దు. ఎందుకో చెప్పాలంటే ఉత్తరం కాస్త పెద్దదవుతుంది. పరీక్షల హడావిడి లేనప్పుడు చదువుకో.

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్. చేస్తున్న మీరు ఎనిమిది మంది సెమిస్టర్ సెలవుల్లో బెర్లిన్‌లో బస్సెక్కి, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్, వెనిస్, వియన్నా చూసుకుని ప్రాగ్ మీదుగా తిరిగొచ్చారు. ఈ సంగతి నాకు వ్యాసం చదివితే తెలియలేదు, ఫోన్లో నువ్వు చెబితే తెలిసింది. వ్యాసంలో ప్రతి ఊరికీ ఒక సంవత్సరం, ఒక ఎత్తు, ఒక రాజు పేరు ఉన్నాయి. చివర్లో ‘మరపురాని అనుభూతి’ ఉంది. ఈఫిల్ టవర్ ఎత్తు 330 మీటర్లని తెలుసుకోవడానికి ఎవరూ నీ వ్యాసం దాకా రారమ్మా. అది ఫోన్ చెబుతుంది. ఫోన్ చెప్పలేనివి నీ దగ్గర చాలా ఉన్నాయి. వాటినే వదిలేశావు.

మొదటినుంచి చివరిదాకా ‘నేను చూశాను, నేను నడిచాను’ అని రాశావు. మిగతా ఏడుగురు ఏమయ్యారు? గుంపుగా వెళ్ళినవాళ్ళకి ఊరు ఒంటరిగా తిరిగేవాడికి కనబడినట్టు కనబడదు. ఒకరికి ఆకలి, ఒకరికి కాళ్ళనొప్పి, ఒకరికి ఇంకో ఫోటో కావాలి, ఇంకొకరికి బస్సు తప్పిపోతుందని టెన్షన్. ఈ లాగుడంతా అయ్యాక మిగిలిన కాసేపట్లో కంటబడిందే మీ పారిస్. అలా చూశామని చెప్పడానికి సిగ్గెందుకు? పారిస్‌లో పదేళ్ళు కాపురమున్నవాళ్ళు రాసినట్టు రాయబోతేనే ఇబ్బంది. రెండు రోజులు చూసినవాళ్ళు రెండు రోజులు చూసినట్టే రాస్తే పాఠకుడు నమ్ముతాడు.

దారిపొడుగునా ఖర్చులు స్ప్లిట్‌వైజ్‌లో, అదే ఖర్చులు పంచుకునే ఆ ఫోన్ యాప్‌లో, రాసుకున్నామన్నావు. మళ్ళీ రాయడానికి కూర్చునే ముందు ఆ లెక్క తెరువు. ఎక్కడ ఏం తిన్నారు, ఎవరు కట్టారు, టాయిలెట్‌కి ఎంతయింది, ఏ ఊళ్ళో సూపర్‌మార్కెట్ రొట్టెతో సరిపెట్టుకున్నారు, ఎవరు ఏ ఖర్చులో తన పేరు తీసేయమన్నారు, అన్నీ తారీఖులతో సహా అందులో ఉన్నాయి. నీ డైరీ కంటే అదే నిజం చెబుతుంది. మీలాంటి విద్యార్థి జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులో, 280 సగం రోజులో మించి పని చేయకూడదన్న నిబంధన ఉంది కదా. ఆ హద్దులో ఉంటూ వేర్‌హౌస్‌లో పార్సెళ్ళు సర్ది కూడబెట్టిన డబ్బుతో చేసిన యాత్ర ఇది. ఆ ముక్క మొదట్లోనే పడితే, వెనిస్‌లో సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లో కూర్చుని కాఫీ తాగాలా వద్దా అని మీరు అరగంట పడ్డ తర్జనభర్జన పాఠకుడికి నవ్వూ తెప్పిస్తుంది, ఇంకోటీ తెప్పిస్తుంది. (అక్కడ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఒక రేటు. పక్కన సంగీతం వాయిస్తుంటే దానికీ బిల్లులో కలుపుతారు.)

లూవ్ర్ మ్యూజియం గుమ్మం దగ్గర జరిగింది వ్యాసంలో లేనే లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో నివాసముంటూ 26 ఏళ్ళు నిండనివాళ్ళకి అక్కడ ప్రవేశం ఉచితం. మీలో ఇద్దరికి ఆ వయసు దాటింది. వాళ్ళకి మనిషికి 22 యూరోలు. ‘మీరు చూసి రండి, మేం బయట తిరుగుతాం’ అన్నారట వాళ్ళు. అప్పుడు మీ ఆరుగురూ ఏం చేశారని ఫోన్లో అడిగితే మాట మార్చేశావు. నువ్వు మాట మార్చిన చోటే కూర్చుని రాయి. తీర్పులు చెప్పొద్దు, ఎవర్నీ వెనకేసుకు రావొద్దు. ఎవరు ఏమన్నారు, ఎవరు ఎటు చూశారు, చివరికి లోపలికి ఎంతమంది వెళ్ళారు. అంతవరకు చాలు.

లోపలికి వెళ్ళాక మోనాలిసా చిన్నగా ఉందనీ, నిరాశపడ్డాననీ రాశావు. ఎవరు వెళ్ళినా రాసే వాక్యమే అది. 77 సెంటీమీటర్లు, 53 సెంటీమీటర్లు. మరి చిన్నగా కాక ఎలా ఉంటుంది? నీకు పనికొచ్చేది ఎదురుగోడ మీద ఉంది. దాదాపు పది మీటర్ల వెడల్పున ఇటలీ చిత్రకారుడు వెరోనీస్ వేసిన పెళ్ళి విందు. లూవ్ర్‌లో అన్నిటికంటే పెద్ద చిత్రం అదే. గదిలో జనమంతా దానికి వీపు తిప్పి, ఫోన్లు ఎత్తి నిలబడతారు. ఆ చిత్రం పారిస్‌ది కాదు. వెనిస్‌లో సాన్ జోర్జో మజోరే మఠం భోజనశాల కోసం వేసింది. 1797లో నెపోలియన్ సైన్యం దాన్ని ముక్కలుగా కోసి పట్టుకుపోయింది. లూవ్ర్ చూసిన కొన్నాళ్ళకే మీరు వెనిస్‌లో నీటి ఒడ్డున నిలబడి సెల్ఫీ దిగారు చూడు, నీ ఫోటోలో వెనకాల తెల్లటి ముఖద్వారంతో చర్చి కనబడుతోంది. ఆ మఠం ఉన్న ద్వీపం అదే. అక్కడి గోడకి ఇప్పుడు నకలు ఉంది.

అక్కడితో ఆగదు. సెయింట్ మార్క్స్ చర్చి మీది నాలుగు కంచు గుర్రాల్నీ నెపోలియనే పారిస్‌కి తరలించాడు. అవి మాత్రం 1815లో తిరిగొచ్చాయి. ఇప్పుడు బయట ఉన్నవి నకళ్ళు, అసలువి లోపల ఉన్నాయి. ఆ మాటకొస్తే అవి వెనిస్‌వాళ్ళ సొంతమా? వాళ్ళు 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ని కొల్లగొట్టినప్పుడు తెచ్చుకున్నవి. ఇక బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ గేటు కింద ఎనిమిది మందీ గాల్లోకి ఎగిరి దిగిన ఫోటో ఉంది కదా. ఆ గేటు మీద నాలుగు గుర్రాల రథం ఉంటుంది. 1806లో దాన్నీ పారిస్‌కే తీసుకుపోయాడు, 1814లో వెనక్కి వచ్చింది. మీరు తిరిగిన మూడు ఊళ్ళ కథలోనూ ఒక్కడే దొంగ. వెనిస్, పారిస్, బెర్లిన్‌లని విడివిడిగా మూడు వ్యాసాల్లా రాశావు. వాటిని కలిపే దారం నీ ఫోటోల్లోనే ఉంది.

అలాగని ఇదంతా తెచ్చి ఒకే పేరాలో కుక్కేయకు. బెర్లిన్‌లో ఒక వాక్యం, లూవ్ర్‌లో రెండు, వెనిస్‌లో ఇంకాస్త. మిగతాది చదివేవాడు కలుపుకుంటాడు. చరిత్ర చెప్పేటప్పుడు పక్కన ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. బ్యాగు మోస్తూనో, కాలు నొక్కుకుంటూనో. ఎవరూ లేని పేరాలో సంవత్సరం వస్తే పాఠకుడి కన్ను దాని మీదనుంచి జారిపోతుంది.

వెనిస్‌ని కోనసీమతో పోల్చావు. కాలవలు చూడగానే మనవాళ్ళకి కోనసీమ గుర్తు రావడం సహజమే, కానీ పోలిక రెండు అడుగులు నడిచి ఆగిపోయింది. కోనసీమలో నీళ్ళు చేలోకి రావాలని కాలవలు తవ్వారు. వెనిస్‌లో ఉన్నది సముద్రపు ఉప్పునీరు, అది ఇంట్లోకి రాకుండా చూసుకోవడమే వాళ్ళ బాధ. 2019 నవంబరులో నీరు 187 సెంటీమీటర్ల మట్టానికి లేచింది. 2020 అక్టోబరు నుంచి సముద్రపు పోటు మరీ ఎక్కువైనప్పుడు అడ్డుగేట్లు లేపుతున్నారు. ఈ తేడా రాస్తే నీ పోలిక నిలబడుతుంది. ఇంకొకటి. పాత వెనిస్‌లో ఇప్పుడు కాపురముంటున్నవాళ్ళు యాభై వేల లోపే. పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనాన్ని తగ్గించాలని 2024 నుంచి కొన్ని రద్దీ రోజుల్లో ప్రవేశ రుసుము కూడా పెట్టారు. మీరు చవగ్గా ఉంటుందని వెనిస్ పాలక పరిధిలోనే ఉన్న మెస్ట్రేలో రాత్రి పడుకున్నారు కాబట్టి మీకది పడదు. కానీ ‘జనం విపరీతంగా ఉన్నారు, విసుగొచ్చింది’ అని రాశావే, ఆ జనంలో మీ ఎనిమిది మందీ ఉన్నారన్న సంగతి ఎక్కడైనా ఒక మాటగా రావాలి.

వ్యాసంలో నాకు బాగా నచ్చింది ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల పిల్ల ఆన్ ఫ్రాంక్ నాజీలకి దొరక్కుండా దాక్కున్న ఇల్లు. అక్కడ నీ రాత మారిపోయింది. లోపల ఫోటోలు తీయనివ్వరు. ఫోన్లు జేబుల్లోకి పోవడంతో ఎనిమిది మందీ కళ్ళతో చూశారు. నువ్వు నిటారు మెట్లు రాశావు, సామాను లేని ఖాళీ గదులు రాశావు, గోడ మీద పిల్లల ఎత్తు కొలుస్తూ పెట్టిన పెన్సిల్ గీతలు రాశావు. అక్కడే ఆగాల్సింది. ‘గుండె బరువెక్కింది, కన్నీళ్ళు ఆగలేదు’ అని ఇంకో నాలుగు వాక్యాలు రాసి ఆ గీతల్ని చెరిపేశావు. వాటిని కొట్టేయి. 1942 జులై నుంచి 1944 ఆగస్టు దాకా దాక్కున్నారనీ, చివరికి తండ్రి ఒక్కడే బతికి వచ్చాడనీ చెబితే చాలు. అక్కడ దాక్కున్నవాళ్ళూ ఎనిమిది మందే. ఆ సంఖ్య రాయి, పోలిక మాత్రం చేయకు. మీ యాత్రకీ వాళ్ళ దాక్కోవడానికీ నీ చేతులతో ముడి వేస్తే చూడ్డానికి బాగుండదు.

వియన్నా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒపేరా టిక్కెట్టు వందల యూరోలని విని బయటనుంచే చూసి వచ్చామన్నావు. అక్కడ నిలబడి చూసేవాళ్ళకి వేరే చవక టిక్కెట్లు అమ్ముతారు. చోటు దక్కించుకున్నవాళ్ళు కమ్మీకి మఫ్లరు కట్టి, అది తమదని గుర్తు పెట్టుకుని బయట తిరిగొస్తారు. బస్సుల్లో సీటు మీద తువ్వాలు వేసే మనకి ఇది వివరించక్కర్లేదు. ఊరికి వెళ్ళే ముందు రోజు ఒక గంట చదువుకుంటే ఇలాంటివి చేజారవు.

ప్రాగ్ దగ్గర మాత్రం కాస్త ఆగు. ఖగోళ గడియారం గురించి ఒకటిన్నర పేజీ రాసి, వెన్సెస్లాస్ స్క్వేర్‌ని రెండు వాక్యాల్లో తేల్చేశావు. ఆ రెండో వాక్యం ఇదీ: ‘మ్యూజియం ముందు నేలలో పొదిగిన కంచు శిలువ దగ్గర మా కరీంనగర్ అబ్బాయి చాలాసేపు ఉండిపోయాడు.’ అమ్మాయ్, నీ వ్యాసమంతటిలోకి బరువైన వాక్యం అదే. ఆ శిలువ యాన్ పలాఖ్ గుర్తుగా పెట్టింది. అతను చార్ల్స్ విశ్వవిద్యాలయం విద్యార్థి, ఇరవై ఏళ్ళవాడు. సోవియట్ సేనలు దేశంలోకి దిగిన మరుసటి ఏడాది, 1969 జనవరి 16న, ఆ మ్యూజియం దగ్గర ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకి పోయాడు. 2009లో ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నప్పుడు కరీంనగర్‌లో పెరుగుతున్న పిల్లవాడికి ఆ శిలువ దగ్గర ఏం గుర్తొచ్చిందో నేను ఊహించగలను, నువ్వూ ఊహించగలవు. ఊహించి రాయొద్దు. అతన్ని అడుగు. చెబితే అతని మాటల్లోనే రాయి. చెప్పనంటే నీ వాక్యం ఉన్నదున్నట్టు ఉంచేసి తర్వాతి పేరాకి వెళ్ళిపో. ఇలాంటి చావుల మీద అలంకారాలు పనికిరావు.

తిరుగుప్రయాణంలో డ్రెస్డెన్ వైపు వస్తుంటే అర్ధరాత్రి పోలీసులు బస్సెక్కి పాస్‌పోర్టులు చూశారన్నది ఒక్క వాక్యంతో ముగించావు. బస్సులో అందరివీ చూశారా, మీవి ఎక్కువసేపు చూశారా? రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఇంట్లో మర్చిపోయిన కుర్రాడి సంగతి ఫోన్లో చెప్పావు, అదెందుకు రాయలేదు? పది రోజులు పర్యాటకులుగా తిరిగినవాళ్ళు ఆ అరగంటలో మళ్ళీ పరదేశి విద్యార్థులైపోయారు. దానికి కనీసం ఒక పేజీ ఇవ్వాలి.

మాటల విషయం. ‘కన్నులపండువగా’, ‘మంత్రముగ్ధులమయ్యాం’, ‘భూతల స్వర్గం’ కనబడిన చోటల్లా గీత కొట్టాను. ఆ చోట్లలో నిజంగా ఏం కనబడిందో గుర్తు చేసుకుని రాయి, గుర్తు రాకపోతే ఖాళీ వదిలెయ్. ఆవకాయ ప్రస్తావన నాలుగుసార్లు వచ్చింది, ఒకటి ఉంచు. విదేశాల గురించి రాసిన ప్రతి తెలుగువాడి సంచిలోనూ ఆ సీసా ఉంటుంది, జనానికి విసుగొచ్చింది. దాని బదులు హాస్టల్ వంటగదిలో మీ రైస్ కుక్కర్ చూసి ‘ఇదేం యంత్రం’ అని పక్క టేబుల్ వాళ్ళు అడిగిన ముక్క పెంచు. అది కొత్తగా ఉంది.

బ్రస్సెల్స్ తీసేయ్. అక్కడ మూడు గంటలున్నారు, వాన పడింది, అందరూ చూడ్డానికి వెళ్ళే ఆ ఉచ్చపోసే పిల్లవాడి బొమ్మ మరీ చిన్నదని నవ్వుకున్నారు. ఇంతకుమించి నీకు అక్కడేమీ దొరకలేదు. వెళ్ళిన ప్రతి ఊరూ వ్యాసంలో ఉండాలన్న రూలేమీ లేదు.

తిరగరాశాక నాకంటే ముందు మిగతా ఏడుగురికీ చూపించు. పారిస్‌లో బయట ఉండిపోతామన్న ఆ ఇద్దరికీ ముందుగా. తమ గురించి రాసింది వద్దంటే పేరూ ఊరూ మార్చు, అప్పటికీ వద్దంటే ఆ ముక్క వదులుకో. ‘అలా జరగలేదు, ఇలా జరిగింది’ అని ఎవరైనా గొడవ పెట్టుకుంటే మాత్రం సంతోషించు, వాళ్ళు చెప్పిందీ పక్కనే రాసుకో. సంక్రాంతికి ముందు పంపగలిగితే పండగ రోజుల్లో తీరిగ్గా చూస్తాను. ఫోటోలు అన్నీ పంపకు, ఆరేడు చాలు.

ఇట్లు,
మీ మాస్టారు