పాప జబ్బు రైస్ మిల్లు దుమ్ముతో వచ్చింది కాదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా పాపకు ఏడాదిన్నర. మూడో నెల నుంచే ఆయాసం, పాలు తాగుతుంటే డొక్కలు ఎగరేసేది. హైదరాబాద్‌లో స్కాన్, జన్యు పరీక్ష చేసి ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడలు దెబ్బతినే జబ్బు) అన్నారు. 'ఎస్‌ఎఫ్‌టీపీసీ జన్యువులో మార్పు ఉంది, ప్రోటీన్ సరిగ్గా మడత పడట్లేదు' అన్నారు. మా ఇల్లు రైస్ మిల్లు పక్కనే. కడుపుతో ఉన్నప్పుడు దుమ్ములో తిరిగానని ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు. మడత పడకపోవడం అంటే ఏంటి? తప్పు నాదేనా?
– ఒక తల్లి

జవాబు: కాదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. మిల్లు దుమ్ము ఈ జన్యువును మార్చలేదు, మీరు తిన్నదీ తిరిగిందీ మార్చలేదు.

మన ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు, ఊపిరి వదిలినప్పుడు గోడలు అతుక్కుని మూసుకుపోకుండా, లోపల సర్ఫాక్టెంట్ అనే పలుచని పూత ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కొవ్వే, కొంచెం ప్రోటీన్. ఆ ప్రోటీన్లలో ఒకటి ఎస్‌పీ-సీ. దాన్ని తయారుచేసే రాతే మీరు చెప్పిన జన్యువులో ఉంటుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన గొలుసు. చివరికి పూతలో చేరేది 35 అమైనో ఆమ్లాల చిన్న ముక్కే కానీ, కణం మొదట 197 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసు తయారుచేసి, తర్వాత అదనపు భాగాలు కత్తిరిస్తుంది. అంత పొడవు ఎందుకంటే, ఈ చిన్న ముక్కలో కణపు పొరలో కూర్చునే భాగమంతా వాలీన్ అనే అమైనో ఆమ్లంతో నిండి ఉంటుంది. అది స్ప్రింగులా చుట్టుకోవాలి, మడత పడటం అంటే ఇదే, కానీ వాలీన్‌కు చాపలా పరుచుకుని పక్కదానికి అతుక్కునే గుణం ఎక్కువ.

మీ జిల్లాలో గట్టుప్పల్ వైపు చేనేత ఇళ్ల ముందు చూసే ఉంటారు, పడుగుకు గంజి పట్టించి వీధిలో సాగదీసినప్పుడు, ఆరేలోపు పోగులు అంటుకోకుండా ఇంటిల్లిపాదీ చేతులతో విడదీస్తూనే ఉంటారు. ఇక్కడ ఆ చేతుల పని చేసేది గొలుసు చివర ఉండే బ్రైకోస్ అనే భాగం, సుమారు 100 అమైనో ఆమ్లాలు. పొరలోని భాగం స్ప్రింగులా చుట్టుకునేదాకా దాన్ని పట్టి ఉంచుతుంది, ఆ పని కాగానే తెగిపోతుంది. ఇలా సాయపడేవాటిని షాపరోన్లు అంటారు. మామూలుగా అవి వేరే ప్రోటీన్లు, ఇక్కడ మాత్రం సాయం చేసే చేయి అదే గొలుసులో పుట్టడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

బ్రైకోస్‌లో తేడా వస్తే, అసలు ముక్క బాగానే ఉన్నా పట్టుకునేవాళ్లు లేక గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని కణంలో పేరుకుంటాయి, కణం ఆ ఒత్తిడికి దెబ్బతింటుంది, చుట్టూ మచ్చ కడుతుంది, అదే ఆయాసం. ఈ జన్యువు వల్ల వచ్చే జబ్బును 2001లో ఒక తల్లీబిడ్డల్లో మొదటిసారి గుర్తించారు.

అయితే ఎస్‌ఎఫ్‌టీపీసీ మార్పులన్నీ బ్రైకోస్‌లోనే ఉండవు. ఎక్కువగా కనిపించే ఐ73టీ అనే మార్పు దాని బయట ఉంటుంది, అక్కడ గొడవ మడతది కాదు, ప్రోటీన్ కణంలో వెళ్లకూడని చోటికి వెళ్లడం. మీ రిపోర్టులో ఏ మార్పో రాసి ఉంటుంది, దాన్ని చూపించి డాక్టర్‌గారిని గట్టిగా అడగండి.

చికిత్స సంగతి దాచకుండా చెబుతాను, మడతను సరిచేసే మందు ఇంకా లేదు. స్టెరాయిడ్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటివి కొందరు పిల్లలకు మేలు చేస్తాయి, అవసరమైతే ఆక్సిజన్ పెడతారు. మీ అంతట మీరు మందు ఆపకండి. జలుబు, వైరస్ జ్వరాలు ఈ పిల్లల్ని బాగా కుంగదీస్తాయి, అందుకే టీకాలు తప్పించకండి. దుమ్ము జబ్బుకు కారణం కాకపోయినా పాప ఊపిరికి మంచిది కాదు, మిల్లు నడిచే వేళ ఆ వైపు కిటికీలు మూసేయండి, ఇంట్లో బీడీ, సిగరెట్ అసలు వద్దు.

మీ ఇద్దరూ కూడా పరీక్ష చేయించుకోండి. చాలామంది పిల్లల్లో ఈ మార్పు కొత్తగా పుడుతుంది, తల్లిదండ్రుల్లో ఎవరికీ ఉండదు. ఒకరికి ఉంటే మాత్రం ప్రతి కాన్పులో బిడ్డకు వచ్చే అవకాశం సగం. ఒకే ఇంట్లో ఒకరికి పసితనంలో, ఇంకొకరికి యాభై ఏళ్లు దాటాక బయటపడటం కూడా ఉంది, కాబట్టి రెండు వైపులా పెద్దల్లో ఎన్నాళ్లుగానో పొడిదగ్గు, ఆయాసంతో ఉన్నవాళ్లుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌గారికి చెప్పండి.