జాలితో చూడవలసిన సినిమా కాదు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ అనే అమెరికన్ భయానక చిత్రం మీద మీరు పంపిన వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది, ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను. నన్ను జవాబు రాయడానికి కూర్చోబెట్టింది మీ మూడవ పేరా. సుమారు 33 వేల డాలర్లతో తీసిన చిత్రం కనుక లోపాలను పెద్ద మనసుతో మన్నించాలని అందులో రాశారు. పేదింట భోజనం చేసి గుమ్మం దాటుతూ, “పాపం, ఉన్నంతలో బాగానే పెట్టారు” అనేవారి మర్యాద ఇలాగే ఉంటుంది. 1962 నాటి ఈ సినిమాకు మీ మన్నింపు అక్కరలేదు. తక్కువ ఖర్చు చిత్రాల గురించి రాసేవారిలో చాలామంది ఖర్చు లెక్క చెప్పి, కష్టాలకు కొన్ని మార్కులు వేసి, తెర మీద ఏముందో చూడకుండానే లేచిపోతున్నారు. మీరు ఆ వరుసలో నిలబడవద్దు.

హెర్క్ హార్వీని అనుభవం లేని దర్శకుడన్నారు. అది నిజం కాదు. కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో సెంట్రాన్ అనే సంస్థ బడులకూ పరిశ్రమలకూ పాఠాల వంటి చిన్న చిత్రాలు తీసేది. హార్వీ అక్కడ ఏళ్ల తరబడి దర్శకత్వం చేసినవాడు, కథ రాసిన జాన్ క్లిఫర్డ్ అక్కడి సహోద్యోగి. అటువంటి చిత్రాల్లో చూపవలసినదాన్ని తిన్నగా, నిదానంగా చూపాలి, అలంకారాలకు చోటుండదు. ఆ నిర్వికారమైన చూపే ఈ సినిమాలో భయానికి మూలమని నా నమ్మకం. చర్చిలో ఆర్గాన్ వాయించే మేరీ హెన్రీ బట్టల దుకాణంలో గౌను మార్చుకుని గదిలోంచి బయటికి వచ్చేసరికి లోకంలో శబ్దం ఉండదు. అమ్మే మనిషి ఆమె వైపు చూడదు, వీధిలో జనం తమ దారిన తాము నడిచిపోతుంటారు, చివరికి పార్కులో ఒక పిట్ట కూత వినిపించాకగాని ప్రపంచం ఆమెకు తిరిగి దక్కదు. శబ్దం తీసేయడానికి డబ్బు అవసరం లేదు, ఎక్కడ తీయాలో తెలియాలి. ఈ ఘట్టానికి మీరు ఒక్క వాక్యం విదిల్చి, మేరీని వెంటాడే మనిషి తెల్లరంగు పూసుకున్న ముఖం చవకబారుగా ఉందనడానికి మాత్రం పేరా అంతా ఖర్చు చేశారు. ఆ రంగు ముఖం హార్వీదేనని కూడా పాఠకుడికి చెప్పలేదు.

సంగీతం గురించి మీరు మౌనంగా ఉండిపోవడం నన్ను మరింత చిరాకు పెట్టింది. జీన్ మూర్ సమకూర్చిన నేపథ్య సంగీతమంతా ఆర్గానే. నాయిక వృత్తి వాద్యమూ అదే. చర్చి పని ఆమెకు ఉద్యోగమే తప్ప భక్తి కాదు. అందుకే ఒక సాయంత్రం సాధనలో ఆమె వేళ్లు ఆమెకే తెలియని వేరే సంగీతంలోకి జారిపోయినప్పుడు, పాస్టరు వచ్చి ఆపించి పనిలోంచి తీసేసినప్పుడు, ఇంతవరకూ మనం విన్న నేపథ్యం ఎవరి చేతుల్లోంచి వస్తున్నదనే అనుమానం మనకు కలుగుతుంది. పెద్ద వాద్యబృందం ఉండి ఉంటే ఈ అనుమానానికి తావే ఉండేది కాదు.

ఇక సాల్టెయిర్. యూటాలో గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున 1893లో వెలసి, 1925లో కాలిపోయి, మళ్లీ కట్టించుకుని, చివరికి మూతబడిన విహార మందిరమది. కాలిఫోర్నియా నుంచి కారులో ఇంటికి వస్తూ దాన్ని చూసిన హార్వీ, అందులోని నాట్యశాలలో మృతులు నృత్యం చేసే దృశ్యంతో ముగిసే కథ రాయమని క్లిఫర్డ్‌ను అడిగాడు. చోటు ముందు, కథ తరువాత. మీరు దాన్ని ‘పాత భవనం’ అని దాటేశారు. వారపత్రికలకు దయ్యాల కథలు రాసి బతికిన రోజుల్లో నేను మూతపడిన బియ్యం మిల్లు మీద ఒక కథ రాశాను. ఊక వాసన, వేలాడే బెల్టులు, తుప్పు పట్టిన కాటా, అన్నీ అందులో ఉండేవి. సంపాదకుడు వాటినన్నిటినీ కొట్టేసి గజ్జెల చప్పుడూ తెల్లచీరా పెట్టించాడు. కథ అచ్చయింది, పారితోషికం రాలేదు. నా కోపం డబ్బు గురించి కాదు. సరే, డబ్బు గురించి కూడా. ఇప్పటి సంపాదకులు గజ్జెలు అడగడం మానేసి ‘ముగింపుకు అర్థమేమిటి’ అని అడుగుతున్నారు. మీరూ ఆ గాలిలో పడి రెండవ పేరాలోనే ముగింపు చెప్పేశారు.

జాలి వద్దన్నానని పొగడ్తకు దిగవద్దు. సినిమాలో మేరీకి డాక్టరుతో జరిగే సంభాషణలు నాకు నచ్చవు, ఉన్న విషయాన్ని ఆయన మరీ విడమరచి చెబుతాడు. ఆ తప్పు రాతలో ఉంది, ఎంత ఖర్చు పెట్టినా పోయేది కాదు. లోపాన్ని ఇలా దాని చోట పెట్టి చూపండి. కాపీరైటు ప్రకటన వేయకపోవడం వల్ల చిత్రం ఎవరికీ చెందనిదై, అర్ధరాత్రి టెలివిజన్లో తిరిగి తిరిగి, 1989లో మళ్లీ థియేటర్లకు వచ్చిందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అది ఒక్క వాక్యంలో చాలు. హార్వీ మరో కథాచిత్రం తీయలేదన్నదానికీ అంతే.

ఎక్కడ ప్రచురించాలి, నవల ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగారు. వాటి సంగతి ఇప్పుడు కాదు. ముందు ముగింపు తీసేయండి, ఖర్చు లెక్కను చివరికి నెట్టండి, దుకాణం ఘట్టాన్ని మొదటికి తెచ్చి, మీకు ఏమి వినబడిందో, ఏది వినబడకుండా పోయిందో వరుసగా రాసి పంపండి. అది చదివి మళ్లీ జవాబిస్తాను.