మా ఎడ్లు బండను చూసిపోదామని వచ్చాయి

ఆటల్లో మిమ్మల్ని బాగా నవ్వించిన మాట ఏదని అడిగారు. అందరూ ధోనీ పేరో సెహ్వాగ్ పేరో చెబుతారని తెలిసే రాస్తున్నా. వాట్సాప్‌లో ధోనీ పేరు మీద తిరిగే చమత్కారాల్లో సగం ధోనీ చెవిన కూడా పడి ఉండవు. నన్నడిగితే నవ్వించడంలో ఆటగాళ్ల కంటే మైకు పట్టుకున్నవాళ్లే మొనగాళ్లు. అందులోనూ ఎడ్ల బండలాగుడు మైకు ముందు ఏ క్రికెట్ కామెంటరీ అయినా దిగదుడుపే. బండలాగుడంటే, పెట్టిన టైములో ఏ ఎడ్ల జత రాతిబండను ఎక్కువ దూరం లాగుతుందో చూసే పందెం.

ఎడ్ల పందెం ఆటెట్టా అవుతుందని అడిగేవాళ్లతో నాకు వాదన లేదు. ఒంగోలు గిత్తలు బండ లాగతా ఉంటే గట్టున నిలబడి ఒక్కసారి చూడండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మాది కందుకూరు పక్కన పల్లె. ఏటా శ్రీరామనవమికి బండలాగుడు పెడతారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి పోయింది. 10న నవమి. వారం కూడా తిరగలా. మైకాయనకు పాత అలవాటు పోక, "ప్రకాశం జిల్లా కందుకూరు... తప్పు తప్పు, నెల్లూరు జిల్లా... ఏ జిల్లా అయితే ఏముంది లెండి, బండ బరువు అదే" అన్నాడు. మా ఊళ్లో దాని మీద నెలరోజులుగా జరుగుతున్న రచ్చ ఆ ఒక్కమాటతో తేలిపోయింది.

అసలు సంగతి ఆ మధ్యాహ్నం జరిగింది. పొదిలి వైపు నుంచి ఒక జత వచ్చింది. కొమ్ములకు రంగులు, మెడలో మువ్వల పట్టెడలు, చూస్తే దిష్టి తగిలేట్టుంది. యజమాని పెద్దాయన పొద్దుటి నుంచి పానకం పందిరి కింద కూర్చుని, "ఫస్టు మనదే, సెకండు కోసం మీరూ మీరూ కొట్టుకోండి" అని ఒకటే మాట.

మొదటి రౌండు బాగానే లాగాయి. మైకాయన "300 అడుగుల దూరాన్ని..." అని మామూలుగానే అందుకున్నాడు. రెండో రౌండు మలుపు దగ్గర రెండెడ్లూ నిలబడిపోయాయి. గొలుసు బిగుసుకునే ఉంది, బండ మాత్రం జానెడు కదల్లా. తోలేవాళ్లు అదిలిస్తున్నారు, జనం ఈలలేస్తున్నారు. మైకులో గొంతు తగ్గించి, "ఎడ్లు ఆలోచనలో పడ్డాయి" అన్నాడాయన. అంతలో లోపలెద్దు తాపీగా పేడ వేసింది. "కొంత బరువు తగ్గించుకున్నాయి, ఇక లాగొచ్చు." లాగలా. "ఎడ్లకు చెమట పట్టలేదు, యజమాని చొక్కా మాత్రం తడిసింది. ముందు నిలబడ్డ పెద్దాయనా, పక్కకు రండి, మీరు లాగక్కర్లేదు." గట్టు మీద ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

టైము అయిపోయినాక పెద్దాయన్ని స్టేజి మీదికి పిలిచి మైకు అందించారు. ఇంకెవరైనా అయితే గమ్మున దిగిపోయేవాళ్లే. ఈయన కండువా సర్దుకుని, "మా ఎడ్లు గెలవడానికి రాలేదు నాయనా, మీ ఊరి బండ ఎట్టుందో చూసిపోదామని వచ్చాయి" అన్నాడు. మైకాయన, "చూసేదానికైతే ఎంట్రీ ఫీజు అక్కర్లేదు గదా పెద్దాయనా?"

"అందుకే, అది వెనక్కిప్పించు."

ఆ దెబ్బకు కమిటీవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మైకాయన ఒక్క క్షణం తడుముకోలేదు. "తమ ఎంట్రీ ఫీజును అన్నదానానికి విరాళంగా ప్రకటించిన పెద్దాయనకు కమిటీ తరఫున శాలువా!" కప్పేశారు కూడా. ఆ శాలువాతోనే మొహం తుడుచుకుంటా దిగాడాయన.

క్రికెట్‌లో ఇట్టాంటివి లేవని కాదు. 1996 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో, బెంగళూరులో, పాకిస్తాన్ బ్యాటర్ ఆమిర్ సొహైల్ ఫోరు కొట్టి బ్యాటుతో అటు చూడమని మన బౌలర్ వెంకటేశ్ ప్రసాద్‌కు చూపించాడు, తర్వాతి బంతికే వికెట్టు ఎగిరింది. సెహ్వాగ్ 2003లో మెల్‌బోర్న్‌లో 195 దగ్గర సిక్సుకు పోయి ఔటయ్యాడు. మనిషి మారాడా? ఆర్నెల్లు తిరక్కముందే ముల్తాన్‌లో 295 మీద ఉండి పాకిస్తాన్ స్పిన్నర్ సక్లైన్‌ను సిక్సు కొట్టి మూడొందలు దాటించాడు.

కానీ 1975లో మొట్టమొదటి ప్రపంచకప్ తొలి మ్యాచ్ చూడండి. లార్డ్స్‌లో ఇంగ్లాండ్ 334 కొడితే మన గవాస్కర్ అప్పట్లో ఉన్న 60 ఓవర్లూ నిలబడి 174 బంతుల్లో 36 నాటౌట్. మనం 202 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రోజు మా మైకాయన గనక లార్డ్స్‌లో ఉండుంటే గవాస్కర్ ముప్పయ్యో ఓవర్‌కే నవ్వి ఔటయ్యేవాడు, మ్యాచ్ గెలిచినా గెలిచేవాళ్లం.

ఇప్పుడు టీవీలో తెలుగు కామెంటరీ పెడితే సింగిల్ తీసినా అరుపే, సిక్సు కొట్టినా అరుపే. మధ్యలో సినిమా డైలాగులు. నేను సౌండు తీసేసి చూస్తున్నా. పల్లెల్లో కూడా ఇదే రోగం పట్టుకుంది. కిందటి తిరనాళ్లకు మా కమిటీ కుర్రాళ్లు డీజే తెచ్చి మైకాయన్ని పక్కన కూర్చోబెట్టారు. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో ఒక్కరికీ వినపళ్లేదు, రెండో బహుమతి దగ్గర చొక్కాలు చించుకున్నారు.