రష్యా వసంతంలో కాపురం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి మార్చి నెలాఖరున రష్యాలోని కజాన్ నగరానికి, భర్త దగ్గరికి కాపురానికి వెళుతోంది. చలికాలం ముగిసింది కనుక బరువైన కోట్లకూ బూట్లకూ డబ్బు దండగ చేయవద్దని బంధువులు అంటున్నారు. వసంతంలో అక్కడ రోజువారీ జీవితం ఎలా ఉంటుంది? మేము ఏమేమి సర్ది పంపాలి?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ఈ ఒక్క విషయంలో బంధువుల మాట పక్కన పెట్టండి. రష్యావారి లెక్కలో మార్చి 1తోనే వసంతం మొదలవుతుంది గాని, మాస్కోకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో వోల్గా ఒడ్డున ఉన్న కజాన్‌లో ఆ నెల సగటు ఉష్ణోగ్రత ఇంకా సున్నాకు దిగువనే ఉంటుంది. మీ అమ్మాయి చేరే నాటికి పగటిపూట మంచు కరిగి వీధులు చిత్తడిగా ఉంటాయి. రాత్రి ఆ నీరే మళ్ళీ గడ్డకట్టడంతో తెల్లవారేసరికి కాలిబాటలు జారుడుగా తయారవుతాయి. కొత్తగా వెళ్ళినవారు జనవరిలో కంటే ఈ కొన్ని వారాల్లోనే ఎక్కువ జాగ్రత్తగా మెలగాలని నా అభిప్రాయం. గడ్డకట్టే చలిలో ఎవరూ చెప్పకుండానే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తాము, కాస్త ఎండ కనబడగానే ఆదమరుస్తాము.

కాబట్టి చీరల మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గించి అయినా పాదాల మీద పెట్టండి. చీలమండ పైదాకా వచ్చి, లోపలికి నీరు దిగని, అడుగున లోతైన గాట్లున్న బూట్లు కావాలి. అవి అక్కడి దుకాణాల్లోనే సరైనవి దొరుకుతాయి కనుక అల్లుడుగారు ముందే కొని విమానాశ్రయానికి తెచ్చేటట్లు చెప్పండి. మీరు ఉన్ని మేజోళ్ళు, ఒంటికి అంటుకునే లోపలి దుస్తులు, పలుచని స్వెట్టర్లు సర్దండి. ఇళ్ళలో, బస్సుల్లో, దుకాణాల్లో వెచ్చగానే ఉంటుంది. బయటికి రాగానే గాలి కోస్తుంది. అందుచేత తీసి వేసుకోవడానికి వీలుగా పొరలు పొరలుగా దుస్తులు ధరించడం మేలు. ఆసుపత్రులు, కళాశాలలు, రంగస్థలాలు వంటి చోట్ల కోటును ముందుగదిలోనే అప్పగించి లోపలికి వెళ్ళాలి. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచే అలవాటు మాత్రం మనలాగే వారికీ ఉంది, ఆ విషయంలో ఆమెకు కొత్తేమీ ఉండదు.

ఆమెకు తప్పనిసరిగా చెప్పవలసిన మాట ఒకటుంది: ఆ రోజుల్లో భవనాల గోడల వెంబడి నడవకూడదు. పగటి ఎండకు పైకప్పుల మీది మంచు కరిగి, చూరుల నుంచి నిలువెత్తు మంచుకడ్డీలు వేలాడుతుంటాయి. అవి విరిగి పడి మనుషులు గాయపడటం, ప్రాణాలు పోవడం కూడా అక్కడ జరిగే సంగతే. పనివారు పైకెక్కి మంచు దించేటప్పుడు కింద ఎరుపు తెలుపు చారల పట్టీ కడతారు. ఆ పట్టీ కనిపిస్తే అవతలి వైపు నుంచి వెళ్ళాలి గాని, కింద దూరి వెళ్ళకూడదు. అలాగే వోల్గా, కజాన్కా నదుల మీద ఇంకా తెల్లగా పరచుకుని ఉన్న మంచు గట్టిగానే కనిపిస్తుంది. స్థానికులు కొందరు దాని మీద కూర్చుని చేపలు పడుతుంటారు కూడా. వారిని చూసి ఫొటోల కోసం దాని మీద అడుగు పెట్టవద్దని గట్టిగా చెప్పండి.

ఇంటిలోపలి విషయానికి వస్తే, గదుల్లోని వేడి గొట్టాలు చాలా భవనాల్లో నగరమంతటికీ ఉమ్మడిగా నడిచే వ్యవస్థలో భాగం. బయటి రోజు సగటు ఉష్ణోగ్రత వరుసగా 5 రోజులు 8 డిగ్రీలు దాటితే ఆ వేడిని నిలిపివేస్తారు. ఆ తరువాత మళ్ళీ చలి తిరగబెడితే ఇల్లు చల్లబడిపోతుంది కనుక ఒక చిన్న విద్యుత్ హీటరు దగ్గర ఉంచుకోవాలి. వేసవి మొదలు నుంచి గొట్టాల మరమ్మతు కోసం వేడినీళ్ళు కూడా కొద్ది రోజులు ఆపుతారు. ఆ గడువు 14 రోజులు మించకూడదని నియమం ఉంది, తేదీలను భవనం ద్వారం దగ్గర అంటిస్తారు. బకెట్టు, చెంబు ఉంటే మన పద్ధతిలో కాచుకుని పోసుకోవచ్చు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఏప్రిల్ చివరికి తెల్లవారుజామున నాలుగింటికే వెలుగు వచ్చేస్తుంది కనుక పడకగదికి మందపాటి తెరలు అవసరం. మంచు పోయాక గడ్డిలోనూ అడవి అంచుల్లోనూ పిడుదులు తిరుగుతాయి. కొన్ని మెదడువాపు వ్యాధిని అంటిస్తాయి, టీకా గురించి అక్కడి వైద్యుణ్ణి అడగాలి. దేశంలో అడుగుపెట్టాక సాధారణంగా 7 పనిదినాల్లోపు నివాస చిరునామా నమోదు కావాలి, ఆ బాధ్యత ఇంటి యజమానిది లేదా ఆహ్వానించిన సంస్థది. సరిహద్దులో ఇచ్చే వలస పత్రాన్ని మాత్రం పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోవాలి.

ప్రశ్న: నేను పూర్తి శాకాహారిని. చదువు కోసం అదే నగరానికి వెళ్ళబోతున్నాను. భోజనానికి ఇబ్బంది పడతానా?
— ఒక విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: మీరు వసంతంలో వెళ్ళడం ఒక విధంగా అదృష్టమే. ఈస్టరుకు ముందు ఏడు వారాల పాటు ఆర్థడాక్స్ క్రైస్తవులు పాటించే ఉపవాస కాలంలో మాంసం, గుడ్లు, పాలు లేని వంటకాలను చాలా హోటళ్ళు, భోజనశాలలు ప్రత్యేకంగా వండుతాయి. కొన్నింటిలో చేప ఉండవచ్చు, ఆ ఒక్కటీ అడిగి తెలుసుకోవాలి. కజాన్ తాతార్లు అనే స్థానిక జాతివారి నగరం కూడా, బజారులో కనిపించే వారి మూడుకోణాల రొట్టెల్లో సాధారణంగా మాంసం ఉంటుంది. పైకి బంగాళాదుంప కనిపించిందని కొనకండి.

గదిలో వండుకునేవారికి ఎర్ర కందిపప్పు, శనగలు, క్యాబేజీ, బీట్‌రూటు సులభంగా దొరుకుతాయి. అక్కడి బియ్యం ఎక్కువగా పొట్టిగా ఉండి ముద్ద కడుతుంది, పులిహోరకు పొడవు గింజ బియ్యం వెతుక్కోవాలి. గ్రేచ్కా అనే గోధుమరంగు గింజలతో తాలింపు పెట్టి చేసే ఉప్మా నాకు ఎంతో ఇష్టం, కెఫీర్ అనే పులియబెట్టిన పాలలో నీళ్ళు, ఉప్పు కలిపితే మజ్జిగ లోటు తీరుతుంది. చింతపండు, ఇంగువ, మన కారం, ఆవాలు మాత్రం ఇక్కడి నుంచే తీసుకువెళ్ళండి. మార్చిలో అక్కడివారు కిటికీల దగ్గర టమాటా, మిరప నారు పోసి, మే నెలలో తోటలకు తీసుకువెళతారు. మీరూ ఒక కుండీలో మెంతులు చల్లుకుంటే పప్పులోకి ఆకుకూర చేతికందుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ వైద్యవిద్య చదువుతున్నాడు. వాడికి ఇక్కడి ఏటీఎం కార్డు ఇచ్చి పంపితే చాలదా? ఫోను ఎప్పుడు చేస్తే బాగుంటుంది?
— ఒక తండ్రి, పటమట, విజయవాడ

సమాధానం: చాలదండీ. 2022 మార్చి నుంచి ఇతర దేశాల్లో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డులు రష్యాలో పనిచేయడం లేదు. తొలి వారాలకు సరిపడా నగదు చేతిలో ఉంచి, అక్కడి బ్యాంకులో ఖాతా తెరిచి, రష్యా సొంత చెల్లింపు కార్డు అయిన మీర్ కార్డు తీసుకొమ్మనండి. మే 1, మే 9 తేదీల సెలవుల్లో కార్యాలయాలు మూసి ఉంటాయి కనుక ఆ పని ఏప్రిల్‌లోనే ముగించుకోవాలి. 2025 ఆగస్టు నుంచి వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్ మీద ఆంక్షలు వచ్చాయి, అందుచేత మామూలు ఫోను, ఈమెయిలు వంటి మరో దారిని ముందే అనుకుని ఉంచండి. రెండు రోజులు కాల్ కలవనంత మాత్రాన ఇంట్లో వారు కంగారు పడనవసరం లేదు. కజాన్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. 2011 నుంచి రష్యాలో ఋతువును బట్టి గడియారాలు మార్చడం లేదు కాబట్టి ఏడాది పొడవునా ఇదే లెక్క. మీరు రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తే అక్కడ సాయంత్రం ఏడు గంటలు, తరగతులు ముగించుకుని గదికి చేరి ఉంటాడు.